నవ్వు చెదరకుండా పూత: హాస్య కొయ్యబొమ్మను ముగించే, పనిని పదిమందికి చూపించే పద్ధతుల పోలిక

సాసరులో టీ పోసుకుని, బుగ్గలు పూరించి, రెండు కళ్లూ ముక్కు కొస మీదికి తెచ్చుకుని ఊదుకుంటున్న ఒక పెద్దాయన బొమ్మను 6 అంగుళాల ఎత్తున చెక్కడం పూర్తయిందనుకుందాం. కత్తి కింద పెట్టిన రాత్రి ఆ బొమ్మను చూసిన ప్రతివారూ నవ్వుతారు. వారం తర్వాత రంగులు వేసి, పైన మెరిసే వార్నిష్ పూసి చూపిస్తే అదే మనుషులు "చాలా బాగుంది" అంటారు గాని నవ్వరు. నాకు ఈ అనుభవం ఒకటికి మూడుసార్లు అయ్యాక గాని కారణం తెలియలేదు. హాస్యబొమ్మలో నవ్వు రంగులో ఉండదు, కోతలో ఉంటుంది. ఒక్క కత్తి వేటుతో ఏర్పడిన చదునైన పలక, దాని పక్కనే మరో పలక, ఆ రెండూ కలిసే అంచు, ఆ అంచు వెనుక పడే సన్నని నీడ: ఊదుతున్న బుగ్గకు, ముడిపడిన కనుబొమకు ప్రాణం పోసేవి ఇవే. కాబట్టి కింద చెప్పబోయే పూతలన్నింటినీ ఒకే ప్రశ్నతో తూచాను. ఆ అంచును ఈ పూత నిలుపుతుందా, పూడుస్తుందా? పనిని ఇతరులకు చూపించే మార్గాలకు కూడా దాదాపు ఇదే తూనిక సరిపోతుంది.

ఈ కళకు రంగు పొదుపు మొదటినుంచీ ఉంది. స్వీడన్‌లోని ఆస్కర్స్‌హామ్ ప్రాంతపు శిల్పి ఆక్సెల్ పెటర్సన్ (1868–1925), డోడర్‌హుల్టార్న్ అన్న పేరుతో ప్రసిద్ధుడు, తన చుట్టుపక్కల రైతులను, పెళ్లి, అంత్యక్రియలు, సైన్యంలో చేర్చుకునే ముందు కుర్రవాళ్లకు జరిపే దేహపరీక్ష వంటి సన్నివేశాలను మోటైన పెద్ద కోతలతో చెక్కి, రంగును అవసరమైనంత మేరకే వాడాడు. అమెరికాలో ఈ పని బాస్‌వుడ్ అనే మెత్తని, లేత రంగు కొయ్య మీద, పలుచని రంగులతో బాగా విస్తరించింది. 1990లో కారికేచర్ కార్వర్స్ ఆఫ్ అమెరికా అన్న సంఘం కూడా ఏర్పడింది. మన కొండపల్లి దారి దీనికి భిన్నమైనది. ఆ తేడాను తెలుసుకోకుండా అక్కడి పద్ధతిని ఇక్కడ, ఇక్కడి పద్ధతిని అక్కడ వాడితేనే చిక్కు వస్తుంది.

పూతకు ముందు

ఏ పూత ఎంచుకున్నా, ముందు చేయవలసిన పని ఒకటుంది, దానికి ప్రత్యామ్నాయం లేదు. నెల రోజులు చేతుల్లో నలిగిన బొమ్మకు చెమట జిడ్డు, పెన్సిల్ గీతల మసి అంటుకుని ఉంటాయి. వాటిమీద పలుచని రంగు వేస్తే ఆ మసి రంగులో కలిసి ముఖం మాసినట్టు కనిపిస్తుంది. దళసరి రంగు వేస్తే జిడ్డున్న చోట సరిగా పట్టదు. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే ద్రవ సబ్బు కొద్దిగా కలిపి, మెత్తని టూత్‌బ్రష్‌తో బొమ్మను తోమి, వెంటనే మంచినీళ్లతో కడిగి, ఒక రాత్రంతా నీడపట్టున ఆరనివ్వాలి. కొయ్యను నీళ్లతో కడగడానికి మొదటిసారి ఎవరికీ మనసొప్పదు గాని, నానబెట్టనంతవరకు బాస్‌వుడ్‌కు నష్టమేమీ లేదు. అతుకులున్న బొమ్మ అయితే మాత్రం వాడిన జిగురు నీటికి కరిగేదో కాదో ముందుగానే చూసుకోవాలి. ఆరిన తర్వాత లేచి కనిపించే పీచును, కోతల మూలల్లో వేలాడే సన్నని పొరలను కత్తి మొనతో తీసేయాలి. ఇక్కడ ఉప్పు కాగితం పట్టడం నా దృష్టిలో పెద్ద పొరపాటు. అది కోతల అంచులను గుండ్రంగా అరగదీస్తుంది. అంతేకాక కొయ్యలో ఇరుక్కున్న దాని రేణువులు, తర్వాత ఏదైనా సవరించబోతే, కత్తి పదునును తినేస్తాయి.

దళసరి రంగు

సీసాలోని యాక్రిలిక్ రంగును నీళ్లు కలపకుండా వేయడం, లేదా ఎనామెల్ వేయడం అందరికీ తెలిసిన దారి. కొయ్య మీది మచ్చలు, అతుకులు, పొరపాటున పడిన గాటును నింపిన పుట్టీ, ఇవన్నీ దాని కింద కనిపించకుండా పోతాయి. పిల్లలు చేతుల్లో తిప్పే బొమ్మనైతే తడిగుడ్డతో తుడవవచ్చు. కొండపల్లిలో తెల్లపొణికి కొయ్యను సన్నని సెగ మీద ఆరబెట్టి, అవయవాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, సుద్ద పూసి, ఆపైన రంగు వేస్తారు. అక్కడ రూపాన్ని తీర్చడంలో కత్తికి ఎంత భాగముందో మక్కుకు, కుంచెకు అంత భాగముంది; కనురెప్పను, మీసాన్ని, చీర అంచును కుంచె గీస్తుంది. అటువంటి పనికి దళసరి రంగే సరైన రంగు. ఆ బొమ్మకు పలుచని రంగు వేస్తే కొయ్యకూ మక్కుకూ మధ్య తేడా బయటపడి అతుకుల బొంతలా ఉంటుంది.

మన టీ పెద్దాయన సంగతి వేరు. అతని కళ్ల చివరల ముడతలు వి ఆకారపు ఉలితో గీసిన సన్నని గాళ్లు. రెండు దళసరి పూతలు పడేసరికి ఆ గాళ్లు సగం పూడిపోతాయి. పూడిన ముడతను మళ్లీ కుంచెతో గీస్తే అది ముఖం మీద గీతగానే మిగులుతుంది గాని ముడత కాదు. మధ్యదారిగా, బట్టలకు దళసరి రంగు వేసి ముఖాన్ని మాత్రం పలుచగా ఉంచేవారున్నారు. ఒకే బొమ్మ మీద రెండు రకాల ఉపరితలాలు కనబడి, తల వేరే బొమ్మనుంచి తెచ్చి పెట్టినట్టుంటుంది కాబట్టి నేను దాన్ని సిఫారసు చేయను.

లక్క గురించి రెండు మాటలు చాలు. ఏటికొప్పాక బొమ్మల నునుపు చూసి అదే పూత హాస్యబొమ్మకు వేయవచ్చా అని కొందరు అడుగుతుంటారు. అక్కడ అంకుడు కొయ్యను లేత్ మీద తిప్పుతూ, లక్క కడ్డీని దానికి ఆనిస్తారు. ఆ రాపిడి వేడికి లక్క కరిగి పరుచుకుంటుంది. తిరిగే గుండ్రని వస్తువుకే అది సాధ్యం. బయటికి పొడుచుకొచ్చిన ముక్కు, చేతిలో సాసరు ఉన్న బొమ్మ లేత్ మీద తిరగదు.

పలుచని రంగు

నా ఎంపిక ఇదే కాబట్టి దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. యాక్రిలిక్ రంగులో బాగా నీళ్లు కలిపి, కొయ్య చారలు కింద నుంచి కనిపించేంత పలుచగా పొరలు పొరలుగా వేయడం దీని పద్ధతి. ఎంత పలుచన అన్నదానికి నేను వాడే పరీక్ష సులువైనది: కలిపిన రంగును పాత దినపత్రిక మీద ఒకసారి రాస్తే కింది అక్షరాలు తడబడకుండా చదవగలగాలి. అలా కలిపిన రంగు కోతల లోతుల్లోకి జారి అక్కడ చిక్కబడుతుంది, అంచుల మీద తేలికపడుతుంది. అంటే, కత్తి వేసిన నీడలను పూడ్చే బదులు ఇంకాస్త స్పష్టం చేస్తుంది.

దీనికి కష్టాలు లేకపోలేదు. చొక్కా భుజాలు, తల పైభాగం, చెప్పుల ముందు భాగం వంటి చోట్ల కొయ్య పీచు చివర్లు బయటికి తెరుచుకుని ఉంటాయి, అవి స్ట్రాలాగా రంగును పీల్చి మిగతా భాగం కంటే నల్లబడతాయి. అక్కడ ముందుగా ఉత్త నీళ్లు రాసి, ఆ తడి మీద రంగు వేస్తే పీల్పు తగ్గుతుంది. రెండు రంగులు కలిసే హద్దులో, ఉదాహరణకు మెడకూ కాలరుకూ మధ్య, రంగు పీచు వెంట పాకిపోతుంది. దాన్ని ఆపేది కుంచె నేర్పు కాదు, చెక్కేటప్పుడే ఆ హద్దు వెంట కత్తి మొనతో వేసిన లోతైన గాటు. ఆ గాటు లేని బొమ్మకు పలుచని రంగు ఎంచుకోవడం కన్నా, ముందు కత్తి పట్టుకుని ఆ పని ముగించడం మేలు. తెల్లబట్ట మరో చిక్కు. తెల్ల రంగును బాగా పలుచన చేస్తే కొయ్య పసుపు బయటికి వచ్చి, పంచె ఉతకనట్టు కనిపిస్తుంది. ఈ ఒక్కచోట నియమాన్ని సడలించి, కాస్త చిక్కటి తెలుపును రెండు పొరలుగా వేసి, మడతల లోపల మాత్రం నీలం ఛాయ కలిసిన బూడిద రంగును పలుచగా దించాలి.

చర్మం రంగు దగ్గర మనవాళ్లు తరచు మోసపోతారు. ఈ కళ మీద వచ్చే సూచనల్లో ఎక్కువభాగం అమెరికావే కావడంతో, వాటిలో చెప్పిన లేత గులాబీ రంగును యథాతథంగా పూస్తే పంచె కట్టిన మన పెద్దాయన విహారయాత్రకు వచ్చిన విదేశీయుడిలా తయారవుతాడు. రా సియెన్నా (పసుపు మట్టి రంగు), బర్న్‌ట్ సియెన్నా (ఎర్రగోధుమ మట్టి రంగు) కలిపి, అవసరమైతే గోధుమ రంగు జోడించి, రెండు మూడు పలుచని పొరలుగా వేస్తే ఛాయ నిండుగా వస్తుంది. ఆ పొర తడిగా ఉండగానే బుగ్గల మీద, ముక్కు కొస మీద, చెవుల పైభాగాన, వేళ్ల కణుపుల మీద ఎర్రమట్టి రంగును కొద్దిగా తాకించాలి. తడి ఆరిపోయాక వేస్తే అది పులిమినట్టుంటుంది. ఊదుతున్న బుగ్గకు ఈ ఎరుపు ఎంత ముఖ్యమో చెప్పనక్కరలేదు.

కళ్లకు మాత్రం పలుచని రంగు పనికిరాదు. కంటి తెలుపులో పిసరంత బూడిద రంగు కలిపి చిక్కగా వేసి, నల్లగుడ్డు మీద పళ్లపుల్ల కొసతో ఒక తెల్లచుక్క పెట్టాలి. రెండు కళ్లలోనూ చుక్క ఒకే పక్కన ఉండాలి. ఎడమ కంట్లో ఎడమవైపు, కుడి కంట్లో కుడివైపు పెడితే చూపు చెదురుతుంది. మెల్లచూపు బొమ్మలో కూడా వెలుతురు వచ్చేది ఒక్కవైపు నుంచే.

రంగులన్నీ ఆరాక, పొడి కుంచెకు లేతరంగు అంటించి, దాదాపు అంతా గుడ్డకు తుడిచేసి, అంచుల మీద తేలికగా విసిరితే కత్తి కోతలు మరింత పైకి వస్తాయి. ఇది ఐదు నిమిషాల పని, కాని అతిగా చేస్తే బొమ్మ పిండి చల్లినట్టవుతుంది.

నూనె, మైనం, పైపూత

రంగు లేకుండా నూనెతోనే ముగించడం డోడర్‌హుల్టార్న్ వంటి మోటుకోతల బొమ్మలకు అందంగా ఉంటుంది. ముఖంలో హాస్యం ఆకారం నుంచే పూర్తిగా వస్తున్నప్పుడు, బట్టలను, చర్మాన్ని వేరు చేయడానికి రంగు అవసరం లేనప్పుడు ఇదే మేలైన ఎంపిక. తప్పు దాచుకునే అవకాశం ఇందులో లేదు. వాడవలసింది ఉడికించిన అవిసె నూనె, అంటే త్వరగా ఆరే పదార్థాలు కలిపినది. పచ్చి అవిసె నూనె ఆరడానికి వారాలు పడుతుంది. అవిసె నూనె కాలం గడిచేకొద్దీ కొయ్యకు పసుపు ఛాయ తెస్తుంది. అది వద్దనుకునేవారు దీని జోలికి పోకూడదు. వంటింట్లో ఉన్నదే కదా అని కొబ్బరినూనె రాయడం మాత్రం ఎన్నడూ మంచిది కాదు. అది గాలికి గట్టిపడే నూనె కాదు. జిడ్డుగానే ఉండి దుమ్మును పట్టి, కొంతకాలానికి కంపు కొడుతుంది.

రంగు వేసిన బొమ్మకు కూడా చివర్లో నూనె వాడతారు. మసకగా ఉండే పైపూత ఒకటి వేసి ఆరనిచ్చి, ఉడికించిన అవిసె నూనెలో కొద్దిగా బర్న్‌ట్ అంబర్ ఆయిల్ రంగు కలిపి బొమ్మంతా రాసి వెంటనే తుడిచేస్తే, గాళ్లలో మిగిలిన గోధుమ రంగు బొమ్మకు పాతదనం తెస్తుంది. మధ్యలో ఆ పైపూత లేకపోతే నూనె ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఇంకి మచ్చలు పడతాయి. ఇక్కడొక హెచ్చరికను తేలికగా తీసుకోవద్దు. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఆరుతూ వేడిని పుట్టిస్తుంది. ఆ నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూలన పడేస్తే, నిప్పు తగలకుండానే అది అంటుకోగలదు. గుడ్డను విప్పి ఆరుబయట ఒంటిపొరగా ఆరేయాలి, లేదా నీళ్లు నింపిన ఇనుప డబ్బాలో ముంచి ఉంచాలి.

తేనెమైనం చేతికి హాయిగా ఉంటుంది. ఎండాకాలంలో మెత్తబడి దుమ్ము పట్టుకుంటుంది. గాజు అలమారలో ఉండే బొమ్మకు సరే.

పైపూత విషయంలో మెరిసేదా, మసకదా అన్న ప్రశ్నకు నా జవాబు స్పష్టమైనది: మసకది. మెరిసే పూత మీద దీపాల ప్రతిబింబాలు పడి, కోతలు లేని చోట కోతలున్నట్టు, ఉన్నచోట లేనట్టు కనిపిస్తుంది. మెరుపు కావలసినవి రెండే చోట్లు, కళ్లు, సాసరులోని టీ; అక్కడ సన్నని కుంచెతో ఒక్కొక్క బొట్టు చాలు. స్ప్రే డబ్బా వాడేవారు గాలిలో తేమను చూసుకోవాలి. ఒక వానాకాలపు సాయంత్రం తొందరపడి లక్కర్ అనే త్వరగా ఆరే వార్నిష్‌ను స్ప్రే చేస్తే, మా ప్లీడరుగారి బొమ్మ నల్లకోటు బూజు పట్టినట్టు తెల్లబారింది. ఆరే పూతలో తేమ చిక్కుకోవడం వల్ల అలా జరుగుతుందని తర్వాత తెలిసింది.

ఏది ఎప్పుడు

మొదటి బొమ్మ చెక్కినవారు, కోతలు శుభ్రంగా రాలేదని అనిపిస్తే, దళసరి రంగుతో దాచాలని చూడకుండా నూనెతో ముగించి పక్కన పెట్టుకోవడం మంచిది. తర్వాతి బొమ్మకు అంతకంటే మంచి గురువు దొరకదు. పిల్లల చేతికి ఇచ్చే బొమ్మకు దళసరి రంగు, పిల్లల వస్తువులకు సురక్షితమని తయారీదారు పేర్కొన్న రకం. అతుకులు, మక్కు ఉన్న బొమ్మకు కూడా అదే. ఒకే కొయ్యదిమ్మలో చెక్కి, ముఖకవళికల మీద ఎక్కువ శ్రమపడిన బొమ్మకు పలుచని రంగు, మసక పైపూత. బాస్‌వుడ్ దొరకక తెల్లపొణికి మీద చెక్కినవారు ముందుగా అదే కొయ్య ముక్క మీద రంగు వేసి చూసుకోవాలి, ఎందుకంటే ఒక కొయ్య పీల్చినట్టు మరొకటి పీల్చదు. పరీక్షముక్కను అసలు బొమ్మ నుంచి తెగిన దిమ్మలోంచే తీసుకుంటే ఇంకా నమ్మకం.

పనిని చూపించే మార్గాలు

పూర్తయిన బొమ్మ ఫోటో ఒక్కటి చూపిస్తే మెచ్చుకోలు వస్తుంది, నేర్చుకునేవారికి ఏమీ అందదు. మెచ్చుకోలే కావాలనుకుంటే అందులో తప్పులేదు. అప్పుడు కూడా కెమెరా ఫ్లాష్ ఆపి, బొమ్మను కిటికీ పక్కన పెట్టి, వెలుతురు ఒక పక్కనుంచి పడేలా తీయాలి. ఎదురుగా పడే వెలుతురు నీడలన్నింటినీ తుడిచేసి, మనం అంత జాగ్రత్తగా కాపాడిన అంచులను ఫోటోలో మాయం చేస్తుంది. వెనుక బూడిద రంగు గుడ్డ చాలు.

దశలవారీ ఫోటోలకు, వీడియోకు మధ్య ఎంపిక ఇంతకంటే ఆలోచించవలసినది. ఎక్కువమంది వీడియో వైపు మొగ్గుతారు, నేను మొగ్గను. చెక్కడం వీడియోలో చేయి కోతను కప్పేస్తుంది. ఇరవై గంటల పనిని రెండు నిమిషాలకు కుదిస్తే చూడముచ్చటగా ఉంటుంది గాని, ముక్కును ఎంత లోతు నుంచి మొదలుపెట్టారో, ఏ వేటు దగ్గర ముఖం మారిందో పట్టుకోలేం. అదే కెమెరాను ఒకే చోట, బొమ్మను ఒకే కోణంలో ఉంచి, నిర్ణయం తీసుకున్న ప్రతిచోటా ఒక ఫోటో చొప్పున పది పన్నెండు ఫోటోలు తీసి, ప్రతిదాని కింద "ఇక్కడ బుగ్గ ముందుకు రావడానికి పెదవి పక్కన లోతు పెంచాను" అన్నట్టు ఒక్కో వాక్యం రాస్తే, చూసేవారు ఆగి, వెనక్కి వెళ్లి, తమ బొమ్మతో పోల్చుకోగలుగుతారు. చెడిన వేటు ఫోటో కూడా అందులో ఉండాలి, దాన్ని ఎలా సర్దుకున్నారో చెప్పాలి.

రెండు చోట్ల మాత్రం వీడియోకే ఓటు. పీచుకు అనుకూలంగా కోస్తే వచ్చే స్ఫుటమైన చప్పుడు, ఎదురు కోస్తే వచ్చే చిరుగుల చప్పుడు ఫోటోలో వినిపించవు. తడి మీద ఎరుపు తాకించడం సమయంతో కూడిన పని కాబట్టి, ఎన్ని సెకన్లలో కుంచె పెట్టారో కళ్లారా చూస్తేనే తెలుస్తుంది. ఈ రెండింటికీ కత్తిరింపులు లేని రెండేసి నిమిషాల ముక్కలు సరిపోతాయి. చెక్కే చేతిని చూపించేటప్పుడు బొమ్మ పట్టుకున్న చేతికి కోత తగలని గ్లవ్, కత్తి పట్టిన చేతి బొటనవేలికి కవచం కనిపించడం అవసరం. చూసి నేర్చుకునేవారు చూసినదే చేస్తారు.

అన్నింటికంటే నాకు నచ్చినది, మనవాళ్లు తక్కువగా వాడేది, పాఠం కర్ర. దాదాపు అంగుళం మందమున్న నలుపలకల కర్ర మీద, ఒకే కన్నును లేదా ఒకే ముఖాన్ని పైనుంచి కిందికి దశలుగా చెక్కుతారు: మొదటిచోట ముక్కుకు, కంటిగుంటకు రెండు వేట్లు మాత్రమే, తర్వాతిచోట బుగ్గలు, ఆ తర్వాత రెప్పలు, చివరిచోట పూర్తయిన ముఖం. అమెరికాలో ఈ కళ నేర్పేవారు ఇటువంటి కర్రలను విరివిగా వాడతారు. లోతు ఎంతో వేలితో తడిమి తెలుసుకునే అవకాశం ఏ తెర మీదా దొరకదు. చివరి ముఖాన్ని సగం పూత లేని కొయ్యగా, సగం రంగుతో వదిలేస్తే పూత పాఠం కూడా అందులోనే ఉంటుంది. చేయడానికి రెండు మూడు సాయంత్రాలు పడుతుంది, దూరంలో ఉన్నవారికి చూపలేం. నలుగురైదుగురు ఒకచోట కూర్చుని చెక్కే అవకాశమున్నవారు మాత్రం వీడియో మీద పెట్టే శ్రమను దీనిమీద పెట్టడం మంచిది.

చూపించే ముందు తేల్చుకోవలసినవి రెండున్నాయి. నమూనా గాని, సగం కోసి అమ్మే దిమ్మ గాని మరొకరిదైతే ఆ మాట మొదటి వాక్యంలోనే చెప్పాలి, వారి కొలతల కాగితాన్ని అనుమతి లేకుండా పంచకూడదు. బొమ్మ మనకు తెలిసిన మనిషిదైతే ముందుగా ఆయనకే చూపించాలి. టీ ఊదుకునే అలవాటు మీద నవ్వితే ఆయన కూడా కలిసి నవ్వుతాడు. కుంటితనం మీదో, కులాన్ని పట్టిచ్చే గుర్తు మీదో నవ్వు పుట్టిస్తే, ఆ బొమ్మకు ఏ పూతా అక్కరలేదు, పొయ్యి చాలు.

పూత పూర్తిగా ఆరక ముందే ఒక చిన్న పని మిగిలి ఉంటుంది. బొమ్మ అడుగున పేరు, సంవత్సరం, కొయ్య రకం, వాడిన రంగు, పైపూత పేర్లు రాసి, ఆ రాత మీద కూడా పైపూత వేయాలి. పూత లేకుండా వదిలిన అడుగు తేమను లాగుతుంది. పదేళ్ల తర్వాత సాసరు అంచు విరిగి మరమ్మతుకు వస్తే, ఏ పూత మీద ఏది నిలుస్తుందో అప్పటికి మనకే గుర్తుండదు.